రాణి మెడలోని గజ్జెలు

కోరుట్ల,
శుక్రవారం

ప్రాణం లాంటి మనీషాకు,

ఫోన్ ఎందుకు కట్టేశానని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో. ఫోన్లో అయితే రెండు మాటలు చెప్పి ఏడుస్తాను, నువ్వు ఓదార్చి పెట్టేస్తావు, అసలు సంగతి నా కడుపులోనే ఉండిపోతుంది. అందుకే మా మేనత్త అక్తర్ ఫుప్పు ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. సిరిసిల్ల బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపుతాను. ఇక్కడి నుంచి జగిత్యాల గంట ప్రయాణం కూడా కాదు. అయినా అబ్బా దగ్గరికి పోలేదు. ఆయన ముఖం చూడలేను.

మా గుర్రం రాణి సంగతి సగం నీకు తెలుసు. రేసుల్లో ఓడీ ఓడీ అమ్ముడుపోయి, మా అబ్బా చేతికొచ్చి, జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా ఎందరు పెళ్ళికొడుకులను మోసిందో లెక్కలేదు. ఆ రోజు సిరిసిల్లలో పెళ్ళి ఊరేగింపు బరాత్‌లో మోరీ కాలవ మీది బండ జరిగి దాని కాలు ఇరుక్కుంటే, తంగళ్ళపల్లి పశువుల ఆసుపత్రి నుంచి పరుగెత్తుకొచ్చింది నువ్వే. పీవీసీ పైపు నిలువునా కోయించి కాలికి కట్టావు. "ఇంజెక్షన్ ఇచ్చి పండవెట్టుండ్రి" అని అందరూ అంటుంటే, "దీని డాక్టరమ్మ హైదరాబాద్‌లో ఉన్నది, ఆమె చూస్తది" అని లారీ ఎక్కించావు. నీ కట్టు వల్లే ఆ ఎముక చెదరకుండా నా ఆపరేషన్ బల్ల మీదికి వచ్చింది.

గిట్టకు పైనుండే పొట్టి ఎముక నిలువునా చీలింది. రేసు గుర్రాలకు తరచూ విరిగేది అదే. స్క్రూలు వేసి బిగించాను. తర్వాత ఎక్స్‌రేలో చీలిక వెంట్రుకంత కూడా కనబడలేదు. మా పెద్ద డాక్టర్ దేవదాస్ గారు దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "మళ్ళీ పెళ్ళికొడుకును మోస్తుందమ్మా" అని ఇంటికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత స్క్రూ పట్టు వదిలిందని అందరికీ చెప్పాను, నీకూ చెప్పాను. అది అబద్ధం మనీషా.

గుర్రానికి ఆపరేషన్ కన్నా మెలకువే గండం. మనలా పడుకుని కోలుకోదు. మత్తు సగం దిగగానే లేవాలని చూస్తుంది. అందుకే గోడలకు పరుపులు కొట్టిన చీకటి గదిలో ఉంచుతాం, చెవుల్లో దూది పెడతాం, తలుపు దగ్గర గట్టిగా మాట్లాడం. రాణిని అలాగే పడుకోబెట్టి, రక్తం బట్టలు మార్చుకోవడానికి వెళ్ళాను. అప్పుడు అబ్బా వచ్చి, "ఒక్క దువా చదివి వస్త" అని గది కాపలా చూసే మా జగదీశ్‌ను బతిమాలాడట. డాక్టరమ్మ నాన్న కదా, జగదీశ్ తలుపు తీశాడు.

బరాత్‌కు బయల్దేరే ముందు అబ్బా ఏం చేస్తాడో నువ్వు చూశావు. పడుకున్న రాణి చెవిలో దువా చదివి, మెడకు గజ్జెల పట్టీ కట్టి ఊపుతాడు. ఎంత నిద్రలో ఉన్నా అది లేచి నిలబడుతుంది. ఆపరేషన్ రోజు ఆయన ఊపలేదు. చెవిలోని దూది తీసి దువా చదివాడు. లేచాక కొత్త చోటని బెదరకుండా, తెలిసిన వస్తువు ఒంటి మీద ఉంటుందని పట్టీ కట్టాడు. దూది మళ్ళీ పెట్టకుండా సాయంత్రం నమాజుకు వెళ్ళిపోయాడు.

నేను తిరిగొచ్చి తలుపు అద్దంలోంచి చూసేసరికి రాణి తల కొంచెం ఎత్తింది. గజ్జెలు మోగాయి. కళ్ళు ఇంకా తేలిపోయే ఉన్నాయి, కానీ అది లేస్తోంది. పనికి పిలిచారనుకుంది, పాపం. జగదీశూ నేనూ తాళ్ళు అందుకునేలోపే లేచి, పడి, మళ్ళీ లేచింది. నిలబడ్డాక ఏం చేసిందో తెలుసా? బరాత్‌లో బ్యాండుకు అడుగేసినట్టే ఆ కాలు ఎత్తి నేలకు కొట్టింది. కట్టు లోపల ఎముక పగిలిన చప్పుడు విన్నాను.

అబ్బా వచ్చేలోపు పట్టీ కోసి సంచిలో దాచాను. నోరు విప్పొద్దని జగదీశ్ చేత ఒట్టు వేయించుకున్నాను. "స్క్రూ పట్టలేదు అబ్బా, నా చేతి తప్పే" అన్నాను. ఇక ఇంజెక్షన్ తప్ప దారి లేదు. నేనది ఇస్తుంటే ఆయన దాని తల ఒళ్ళో పెట్టుకుని, "నా బిడ్డ నీ కోసం శానా కష్టపడ్డది, మాఫ్ చెయ్యే తల్లీ" అని గుర్రాన్ని వేడుకున్నాడు. గజ్జెలేవని తర్వాత అడిగితే, రాణితోపాటే పూడ్చామని చెప్పాను. ఆయన్ని దింపడానికి వెళ్ళినప్పుడు జగిత్యాల ఇంట్లో నా బీరువాలో, పాత దుపట్టాలో చుట్టి దాచాను.

అబ్బా మీద కోపం వస్తుంది. వెంటనే సిగ్గేస్తుంది. ఎప్పుడు చూసినా చెవుల్లో గజ్జెలే. ఫుప్పు గాజులు కదిలినా ఉలిక్కిపడి లేస్తున్నాను. ఇప్పుడు ఒక రేసు గుర్రం అదే ఎముక విరిగి వచ్చింది. సోమవారం ఆపరేషన్ నన్నే చేయమన్నారు. సెలవు పెట్టి ఇక్కడికి పారిపోయి వచ్చాను. ఇక కత్తి పట్టను. మీ వైపు గొర్రెలకు టీకాలేసే ఉద్యోగమేదైనా ఉంటే చూడు. నవ్వకు.

అబ్బాకు మాత్రం చెప్పకు. కూతురి చేతిలో పోయిందంటే ఓర్చుకుంటాడు. తన చేతిలో పోయిందని తెలిస్తే బతకడు.

నీ
నిషాత్


తంగళ్ళపల్లి,
శనివారం

ఒసే మొండిదానా, నా నిషా,

నీ ఉత్తరం చదివి మడిచానో లేదో, మీ అబ్బా, లతీఫ్ చాచా, మా ఆసుపత్రి గుమ్మంలో నిలబడ్డారు. ఒట్టు, నేనేమీ చెప్పలేదు. ఆయన చేతిలో దుపట్టా మూట చూడగానే అదేమిటో తెలిసిపోయింది.

"మీ బిడ్డ కత్తి పట్టనంటున్నదని పెద్ద డాక్టర్ ఫోన్ జేసిండు. కోరుట్లకు దాని బట్టలు పంపుదామని నిన్న బీరువా తెరిస్తే గివి దొరికినయ్. బొందవెట్టిన గజ్జెలు బీరువాల ఎట్లుంటయ్ బిడ్డా?" అన్నారు.

నేను కుర్చీ వేసి చాయ్ ఇచ్చాను. ఆయనే మళ్ళీ, "గజ్జెలు మోగితే లేవాలని దానికి నేర్పింది నేనే గదా. ఆ దినమే నా మనసుల పడ్డది. నా బిడ్డ స్క్రూ అన్నది, నేను నమ్మిన. నమ్ముడే పానానికి సుఖమనిపించింది" అన్నారు. ఇచ్చిన చాయ్ అట్లాగే చల్లారిపోయింది.

కోరుట్ల పోయి మీరే చెప్పరాదా చాచా అన్నాను. "ముంగట నిలబడితే అది మళ్ళ అబద్ధం చెప్తది, నేను మళ్ళ నమ్ముత. నువ్వే రాయి" అన్నారు. ఆయన చెప్పింది చెప్పినట్టు కింద రాశాను. మధ్యలో ఏడ్చారు. అది రాయొద్దన్నారు, అయినా రాస్తున్నాను.

గొర్రెల ఉద్యోగం నీకు ఇప్పించను. కోరుట్లలో పశువైద్యం చదివేటప్పుడు గొర్రెను పట్టుకోమంటే అదే నిన్ను కాలేజీ గేటు దాకా ఈడ్చుకుపోయింది, మరిచిపోయావా? ఉత్తరం, మూట రెండూ బస్సులో పంపుతున్నాను. ఫుప్పుకు ఫోన్ చేశాను, బస్టాండుకు వెళ్ళి తీసుకో.

నీ
మనీషా


నిషాత్ బేటా,

నా తప్పు నువ్వు మోసుడు బంద్ చెయ్యి. గా బరువు నాది. నేను మోస్త, సావను. నీ స్క్రూలు మంచిగనే పట్టినయ్. గజ్జెలు కట్టింది నేనని పెద్ద డాక్టర్‌కు పొద్దుగాల నేనే ఫోన్ జేసి చెప్పిన. జగదీశ్‌ను ఏమనద్దని గూడ అడిగిన.

సోమవారం నువ్వు పో. నీ ఎంబడి నేను గూడ వస్త. గా చీకటి అర్ర తలుపు కాడ కూసుంట. లోపటికి నేను పోను, ఇంకెవ్వలను పోనియ్య.

గాజులు కదిలినా ఉలిక్కిపడుతున్నవని ఫుప్పు చెప్పింది. రాత్రంత నిద్ర పట్టలే. పొద్దుగాల కూసోని ఒక్కొక్క గజ్జె మూతి విప్పి లోపటి గుండ్లు తీసిన. ఒక్కటి గూడ ఇడవలే. పట్టీని చేతుల పట్టుకోని ఊపి చూడు బిడ్డా. ఏం ఇనవడదు.

మీ అబ్బా
లతీఫ్