లవీనియా మేకుకి నీ సవరం

ఒనైడా, విస్కాన్సిన్
25 ఏప్రిల్ 1984, బుధవారం

సౌభాగ్యవతి బాలమణికి నీ మొగుడు వీరాంజనేయులు దీవించి రాసేది. ఇక్కడ నేనూ, నీ కరివేపాకు మొక్కా బాగానే ఉన్నాం. ఇద్దర్లో మొక్క కాస్త నయం. నేపర్‌విల్‌లో నువ్వూ, విద్యా, అల్లుడూ, ఇంకా పేరు పెట్టని మన మనవరాలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోన్‌లో అయితే నువ్వు తిట్టేది అల్లుడికి కూడా వినబడుతుంది. ఆరో క్లాసులో బడి ఎగ్గొట్టినవాణ్ణి, ఇంత రాయడానికి రెండు రోజులు పట్టింది. ఇది శనివారం లోపల నీకు అందాలి. ఎందుకో చివర్న రాశాను. ముందే చివరికి వెళ్లి చదవకు, నీ అలవాటు నాకు తెలుసు.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. బీపీ బిళ్ల వేసుకుంటున్నాను. ఉప్పు తగ్గించమన్నావు కదా, మిల్లు క్యాంటీన్‌లో రెండొందల మందికీ తగ్గించాను. ఈ సలహా ఎవరిచ్చారని వాళ్లు నీ పేరు కనుక్కుంటున్నారు. మంచు కరిగింది, రోడ్డు పక్కన మురికి కుప్పలు మాత్రం మిగిలాయి. లవీనియా మోకాలికి నువ్విచ్చిన నువ్వుల నూనె అయిపోయింది. ఇక బారసాలకి పెట్టుకుందామంటే సవరం పెట్టెలో లేదు, అక్కడ వెతకమని రాశావు. దానికి జవాబు కొంచెం ఆగాలి.

విద్యకి ఇది చదివి వినిపించు. తనకి లవీనియా ఎవరో తెలీదు కాబట్టి మొదట్నించీ చెబుతాను. మా పక్కింటావిడ. డెబ్బై రెండేళ్లు. ఇక్కడి ఆదివాసులైన ఒనైడా వాళ్లలో తాబేలు వంశం. వీళ్లకి తాబేలు, తోడేలు, ఎలుగుబంటి అని మూడు వంశాలు, మన గోత్రాల్లాగా. కాకపోతే పిల్లలకి తల్లి వంశమే వస్తుంది. మాకు గోత్రం నాన్న నుంచి వస్తుందని చెబితే ఆవిడ చాలాసేపు ఆలోచించి, "పాపం, మీ అమ్మ ఏం తప్పు చేసింది?" అంది. ఆ రోజు నుంచే మా ఇద్దరికీ కుదిరింది.

ఆవిడ వేసే మొక్కజొన్న తెల్లగా ఉంటుంది. ఎండిన గింజల్ని కట్టెల బూడిద నీళ్లలో ఉడికించి, పొట్టు ఊడేదాకా బుట్టలో కడిగి, చిక్కుడు గింజలతో సూప్ కాస్తారు. మనం అంట్లు తోముకునే బూడిదతో వంటా అని నవ్వాను. ఒక గిన్నె తాగాక నవ్వలేదు. కోతలయ్యాక మంచి కంకుల్ని ఏరి, పైపొట్టు వెనక్కి లాగి, ఆడపిల్లకి జడ వేసినట్టు అల్లి వెనక గదిలో మేకుకి వేలాడదీస్తుంది. అది విత్తనం. న్యూయార్క్‌లో భూములు పోగొట్టుకుని వీళ్ల పెద్దలు ఇక్కడికి నడిచొచ్చినప్పుడు ఆవిడ అమ్మమ్మవాళ్ల అమ్మమ్మ ఎవరో మూటలో కట్టుకొచ్చిందట. ఇక్కడా భూమి ముక్కలు ముక్కలుగా చేతులు మారిపోయింది. గింజ మాత్రం తప్పిపోలేదు. పోయినేడాది రకూన్లనే అడవి జంతువులు చేలో పడి తినేస్తే మిగిలింది ఒక్క జడ.

ఆ జడ మార్చిలో మాయమైంది.

అప్పటికి నువ్వెళ్లి మూడు వారాలు. లవీనియా ఎవర్నీ ఏమీ అడగలేదు. ఖాళీ మేకు కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆవిడ అనుమానమంతా తమ్ముడు ఓర్విల్ మీద. క్రిస్మస్ అప్పుడు ఎవరో మ్యూజియం మనిషి వచ్చి ఆ జడని అద్దాల పెట్టెలో పెడతామని అడిగితే, ఇచ్చేద్దాం అక్కా, భద్రంగా ఉంటుంది అన్నాడు ఓర్విల్. ఆవిడ ఒప్పుకోలేదు. ఇప్పుడది లేదు కాబట్టి వాడే ఇచ్చేశాడని తీర్మానించుకుంది. ఓర్విల్‌కి అరవై ఏళ్లు. ఏటా ఆవిడ చేను దున్నేది ఆయనే. చర్చిలో వాళ్ల భాషలో పాటలు పాడేటప్పుడు ఈవిడ గొంతెత్తితే కింద గొంతు ఆయనది. ఆరు వారాలుగా ఆ గొంతు లేదు. ఒక ఆదివారం ఆయన వచ్చి తలుపు కొట్టాడు. లోపల లైటు వెలుగుతోంది, ఆవిడ తియ్యలేదు. పావుగంట నిలబడి, నన్ను చూసి మన వాకిట్లోకి వచ్చాడు.

"ఆంజీ, మా అక్క నీ మాట నమ్ముతుంది. నేను తియ్యలేదని చెప్పు."

చెబుతానన్నాను.

చెప్పలేదు బాలమణీ. ఎందుకంటే, తీసింది నేను.

మార్చిలో ఆవిడ నా లంచ్ డబ్బాలో అన్నం కింద రబ్బరు కప్ప పెట్టింది. మిల్లులో అందరి ముందూ దాన్ని చెంచాతో పైకి తీశాను. బదులు తీర్చుకోవద్దూ? ఆవిడ షాపుకెళ్లినప్పుడు ఆ జడని మేకు నుంచి తీసి, వంటింట్లో బయట కొన్న సూప్ గింజల సంచిలో దాచాను. దాని చోట నీ సవరం వేలాడదీశాను. అవును, అదే. నువ్వు మర్చిపోయి వెళ్లింది కాదు, నీ పెట్టె సర్దేటప్పుడు ఎప్పటికైనా పనికొస్తుందని నేనే తీసి దాచుకున్నది. కంకుల జడ కాస్తా నల్లటి జుట్టు జడ అయిపోతే ఆవిడ మొహం ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

చూడలేకపోయాను. ఆ సాయంత్రమే వీధి చివర పెద్దాయనొకాయన పోయాడు. లవీనియా అటునుంచి అటే ఆ ఇంటికి వెళ్లిపోయింది. తెల్లారేసరికి చర్చి ఆడవాళ్లు వచ్చి భోజనాలకని సంచి మోసుకెళ్లారు. దాంట్లో అల్లిన కంకులుంటే లవీనియానే పెట్టిందనుకుని గింజలొలిచి బూడిద నీళ్లలో వేశారు. నేను డ్యూటీ దిగి వెళ్లేసరికి సూప్ వడ్డిస్తున్నారు. రెండు గిన్నెలు తాగాను. రెండోది సగంలో ఉండగా ఒకావిడ అంటోంది, లవీనియా ఈసారి ఎంత మంచి కంకులు ఇచ్చిందో అని.

అప్పుడైనా చెప్పేస్తే తప్పు అక్కడితో ఆగేది. నేనేం చేశానో తెలుసా? ఆవిడ ఇంటికి చేరకముందే పరిగెత్తుకెళ్లి సవరం తీసి కోటు జేబులో కుక్కుకున్నాను. అది మేకుకి ఉండి ఉంటే ఆవిడ చూడగానే నా పనే అని కనిపెట్టేది. ఉత్త మేకు చూసింది కాబట్టి తమ్ముణ్ణి దొంగ అనుకుంది. వేళాకోళం ఒక పూట చేసింది. దాచడం ఆరు వారాలు చేశాను.

మొన్న ఆదివారం ఆవిడ చర్చి నుంచి వచ్చేలోపు వెళ్లి సవరాన్ని మళ్లీ అదే మేకుకి వేలాడదీసి, దాని కింద కూర్చున్నాను. ఆవిడ వచ్చింది. జడని చూసింది, నన్ను చూసింది. నేను చెప్పినంతసేపూ కోటు విప్పలేదు. గింజలేమయ్యాయని అడిగింది. తిన్నామని చెప్పాను. తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేదో నీకు చెప్పలేను. ఫోన్ దగ్గరికెళ్లి ముందు ఓర్విల్‌కి చేసింది. వాళ్ల భాషలో నాలుగు ముక్కలు మాట్లాడింది.

పెట్టేశాక అంది, "కెనడాలో మావాళ్లున్నారు. మా అమ్మ వాళ్లకి ఒకసారి విత్తనం ఇచ్చింది. ఇంకా వేస్తున్నారో లేదో తెలీదు. వెళ్లి అడుగుదాం. ఎందుకు అడుగుతున్నామో ప్రతి ఇంట్లోనూ నువ్వే చెప్పాలి."

సరేనన్నాను.

"మీ ఇంటికి పెద్ద ఎవరు?"

నా భార్య అన్నాను. ఈ ఒక్క విషయంలో నేను అబద్ధమాడలేదు.

"అయితే మొదట ఆవిడకి చెప్పు. వాళ్లావిడకి చెప్పలేనివాణ్ణి నేను మావాళ్ల గడప ఎక్కించను."

అందుకే ఈ ఉత్తరం. శనివారం తెల్లారగట్ల బయలుదేరుతున్నాం. బండి ఓర్విల్‌ది. ఆయన సోమవారం వచ్చి, నేను చెప్పిందంతా విని, "నేను డ్రైవ్ చేస్తాను" అన్నాడు. ఆ తర్వాత ఇప్పటిదాకా నాతో మాట్లాడలేదు. కెనడా దాకా ఆయన పక్క సీట్లో కూర్చోవాలి. నేను ఒక్క జోకూ వెయ్యనని ఒట్టేసుకున్నాను. మేలో విత్తాలి. అక్కడ గింజ దొరక్కపోతే ఈ ఏడు ఆ చేను ఖాళీ, ఆ తర్వాత ఎప్పటికీ ఖాళీయే. నేను తాగిన ఆ రెండు గిన్నెలే ఆఖరివి అవుతాయి.

నీ సవరం తిరిగి రాదు. లవీనియా ఇవ్వనంది. ఆ మేకుకి కంకులు వచ్చినరోజే అది దిగుతుందట. బారసాలకి ఉన్న జుట్టుతోనే సర్దుకో.

దారిలో నేపర్‌విల్ ఉంది కదా, అక్కడ ఆగాలంటోంది. ఆ జుట్టు ఎవరిదో చూడాలట. నువ్వు నిజంగా ఈ ఉత్తరం చదివావో లేదో కూడా చూడాలట. పదింటికల్లా ముగ్గురం మీ గుమ్మం ముందుంటాం. తలుపు కొట్టేది నేనే. నాకు ఏం పెట్టకపోయినా ఫర్వాలేదు, ఓర్విల్‌కి కాఫీ ఇవ్వు. తలుపు మాత్రం తియ్యి.

ఇట్లు,
నువ్వు ఏమన్నా పడాల్సిన
విద్య వాళ్ల నాన్న