వెచ్చగా ఉండాలని

అత్తయ్యా,

మీ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? వదిన పిల్లలు మిమ్మల్ని కాసేపైనా నడుం వాల్చనిస్తున్నారా? ఇక్కడ మేమిద్దరం కులాసా అని రాసి ముగించేద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు. అమ్మకి రాయలేనిది మీకు రాస్తున్నాను. అమ్మకి తెలిస్తే మీ అబ్బాయి మీద కోపం పెట్టుకుంటుంది. మీరేమనుకుంటారో నాకు తెలియదు. అయినా మీకే రాయాలి, ఎందుకంటే ఇది తాబేలు సంగతి.

ఆ కారుకి మామయ్యగారు పెట్టిన పేరే ఇప్పటికీ మా వీధి వీధంతా వాడుతోంది. ఆయన పోయాక దాన్ని షెడ్డులో పెట్టి ముసుగు కప్పమని అందరూ చెప్పారు. మీ అబ్బాయి వినలేదు. నాన్న రోజూ వాడిన బండిని తనూ రోజూ వాడతానన్నారు. పొద్దున నన్ను కళ్ళజోళ్ళ షాపు దగ్గర దించి తను పంపుహౌసుకి వెళ్తారు. సాయంత్రం ఆ కుట్టుమిషను లాంటి చప్పుడు వీధి చివర వినపడగానే మా షాపు యజమాని, "మీ ఆయన మలుపు తిరిగాడమ్మా, ఇక ఫ్రేములు సర్దేయ్" అంటాడు. దానికి నీళ్ళు పోసే పని లేదు, గాలే ఇంజనుని చల్లబరుస్తుంది. చలికి పక్కింటివాళ్ళ కొత్త కారు మొరాయిస్తుంది గానీ, ఇది తాళం తిప్పగానే లేచి కూర్చుంటుంది. నాకూ అదంటే ప్రాణంగానే ఉండేది అత్తయ్యా. అది ముందే చెప్పుకోవాలి.

అందులో వేడిగాలి రాదని మీకు తెలుసు. ఆ మీట ఎప్పుడో తుప్పుపట్టి బిగుసుకుపోయింది. మామయ్యగారు చలిని లెక్కచేసే మనిషి కాదు, దాని జోలికే పోలేదు. కిందటి చలికాలం నేను కడుపుతో ఉండి వణుకుతున్నానని మీ అబ్బాయి ఒక ఆదివారమంతా కారు కింద పడుకుని, నూనె పోసి, తీగ మార్చి, ఎలాగైతేనేం దాన్ని కదిలించారు. మర్నాడు నా పాదాల దగ్గరికి వెచ్చటి గాలి వచ్చింది. "ఎలా ఉంది మహారాణిగారూ" అన్నారు. ఆయన ముఖం అప్పుడు చూడాలి మీరు. ఆ చలికాలమంతా కారెక్కగానే నేను చేసే మొదటి పని ఆ మీట లాగడం.

తలనొప్పులు అప్పుడే మొదలయ్యాయి. షాపుకి చేరేసరికి కడుపులో తిప్పేది. ఒట్టిమనిషిని కాదు కదా, మామూలేనన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. ఆరో నెలలో ఏం జరిగిందో మీకు రాయక్కర్లేదు, మీరు నా మంచం పక్కనే ఉన్నారు.

మొన్న ఆయనకి జ్వరం వస్తే తాబేలుని నేనే తోలుకెళ్ళాను. వంతెన దిగుతుంటే ఎర్రదీపం వెలిగింది. ఫ్యాను బెల్టు తెగితే ఆ దీపం వెలుగుతుందని, అప్పటికప్పుడు ఆపకపోతే ఇంజను మాడిపోతుందని నాకు డ్రైవింగు నేర్పేటప్పుడే చెప్పారు. ఆపేశాను. దగ్గర్లో ఉన్న గ్యారేజీ మెకానిక్ కారుని లోపలికి తోయించి కొత్త బెల్టు వేశాడు. ఎందుకో అనుమానం వచ్చి, కారుని పైకి లేపి కింద టార్చి వేసి చూశాడు.

"వేడి మీట వాడుతున్నారామ్మా?"

"ఈ ఏడాది లేదు. తీగ తెగిపోయిందన్నారు మా ఆయన."

"తెగి మంచిపని చేసింది. ఇటొచ్చి చూడండి."

పొగగొట్టం చుట్టూ ఒక రేకు తొడుగు ఉంటుందట. ఆ గొట్టం వేడికి తొడుగులోని గాలి కాగి మన కాళ్ళ దగ్గరికి వస్తుంది. గొట్టాన్ని తుప్పు తినేసింది. అతను వేలు పెడితే లోపలికి దిగిపోయింది. "ఇక్కణ్ణుంచి పొగ గాలిలో కలిసి కారులోకి వచ్చేస్తుంది. అంత వాసన కూడా ఉండదు. తల పోటెత్తుతుంది, వాంతులొస్తాయి. పసిపిల్లలు గానీ, కడుపుతో ఉన్నవాళ్ళు గానీ ఎక్కలేదు కదా?"

ఎక్కలేదన్నాను.

డాక్టరమ్మ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆవిడ అంతా విని పెన్ను కింద పెట్టింది. "అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. ఇప్పుడు తేల్చి చెప్పగలిగేవాళ్ళు ఎవరూ లేరు" అంది.

ఆయనకి చెప్పలేదు. ఏ నోటితో చెప్పను? నా మీద ప్రేమతో ఒళ్ళు హూనం చేసుకుని చేసిన పని. తెలిస్తే మనిషి మిగలరు. అలాగని రోజూ ఆ సీటులో కూర్చుని నవ్వడం నా వల్ల కావడం లేదు. కాళ్ళ వైపు చూడలేక బయటికే చూస్తున్నాను. మీరొక్క మాట రాయండి. అది మామయ్యగారి కారు, మీ అబ్బాయి మీ మాట తీసెయ్యరు. కారణం మీకు ఏది తోస్తే అది చెప్పండి, అమ్మేయమనండి.

ఈ ఉత్తరం వదిన కంట పడనివ్వకండి.

మీ కోడలు

*

అత్తయ్యా,

మీ అబ్బాయికి రాసిన ఉత్తరమూ, నాకు విడిగా రాసిన నాలుగు ముక్కలూ అందాయి. మామయ్యగారు ఉండి ఉంటే ఆ కారుని తన చేత్తోనే తగలబెట్టేవారని రాశారు. మామయ్యగారు మాత్రం ఏం తప్పు చేశారు? ఎవరినైనా తిట్టుకునే వీలుంటే నాకు కాస్త నిద్ర పట్టేదేమో.

మీ అబ్బాయి గొడవ పడతారనుకున్నాను. మీ ఉత్తరం నిలబడే చదివి, "అమ్మ అమ్మేయమంటోంది. సరే" అన్నారు. అంతే. వెనక అద్దానికి అమ్మకపు కాగితం కూడా ఆయనే అంటించారు. పీడ విరగడైందనుకున్నాను.

కానీ వచ్చినవాళ్ళని వచ్చినట్టే పంపేస్తున్నారు. బేకరీ ఆయన రొట్టెలు చేరవేయడానికి అడిగితే, బ్రేకులు పడవన్నారు. రిటైరైన పోస్టుమాస్టరొకాయన ముచ్చటపడి చుట్టూ తిరిగి చూస్తుంటే, అడుగున రేకంతా పుచ్చిపోయిందని చెప్పారు. ఇంకొకాయనకి తాళం కూడా ఇవ్వలేదు. భోజనాల దగ్గర అడిగేశాను.

"ఇష్టం లేకపోతే అమ్మనని చెప్పెయ్యొచ్చు కదా."

"ఇష్టం లేదని ఎవరన్నారు?"

"మరి అందరినీ తగిలేస్తున్నారేం?"

"ఉన్నమాట చెప్తున్నాను."

"బ్రేకులు బాగానే పడతాయి. నేను నడిపాను."

కంచంలో చెయ్యి కడిగేసుకుని షెడ్డులోకి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈయన బాధపడకూడదని నేను గుండెలో నిప్పు పెట్టుకుని తిరుగుతుంటే, ఈయనకి ఇనప ముక్క మీద మమకారం వదలడం లేదు.

ఇప్పుడు షాపుకి బస్సులో వెళ్తున్నాను. ఎందుకని అడగలేదు. పొద్దున్నే కారు బయటికి తీసి గేటు దగ్గర కాసేపు ఉంటారు. నేను రానని తెలిశాక వెళ్ళిపోతారు. ఇంట్లో ఒకరి అడుగుల చప్పుడు విని ఒకరం గది మారుతున్నాం. నెల తిరగగానే అమ్మ దగ్గరికి వెళ్ళిపోదామనుకుంటున్నాను. తిరిగి రావడం గురించి ఏమీ అనుకోలేదు. మీకు చెప్పకుండా వెళ్ళడం మర్యాద కాదని రాస్తున్నాను.

మీ కోడలు

*

అత్తయ్యా,

మీకు ఈ ఉత్తరం రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. అమ్మ దగ్గరికి వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో చెప్తాను.

కిందటి ఆదివారం ఒక డ్రాయింగు మాస్టారూ ఆయన భార్యా కారు చూడటానికి వచ్చారు. స్కూలుకి రోజూ ఇందులోనే వెళ్ళాలని ఆయన సరదా. ఆ అమ్మాయికి ఏడో నెలో ఎనిమిదో నెలో ఉంటుంది. నేను షెడ్డు వెనక బట్టలు ఆరేస్తున్నాను, వాళ్ళు నన్ను చూడలేదు. ఆ అమ్మాయి నవ్వుతూ ముందు సీటులో కూర్చుని, "ఇదేం మీటండీ?" అంది.

"అది పనిచెయ్యదు. మీరు కిందికి దిగండమ్మా" అన్నారు మీ అబ్బాయి.

"బాగుచేయిస్తే పనిచేస్తుందేమో కదా?" అన్నారు మాస్టారు.

"చేయించొద్దు. నేను బాగుచేసే చెడిపోయాను." ఆ అమ్మాయి వైపు తలుపు తెరిచి పట్టుకున్నారు. "కిందటేడు మా ఆవిడ కూడా మీలాగే ఉండేది. చలికి వణుకుతుంటే చూడలేక ఆ మీట నా చేతులతో బాగుచేశాను. పొగ లోపలికి వచ్చేది. మాకు తెలియలేదు. బిడ్డ దక్కలేదు. ఎండాకాలంలో కింద దూరి చూస్తే తుప్పు తినేసిన పొగగొట్టం కనపడింది. ఆ తీగ నేనే కోసేశాను. మా ఆవిడకి ఇదేమీ తెలియదు. వెళ్ళేటప్పుడు ఆవిడ కనపడితే ఏమీ అనకండి, మీకు పుణ్యముంటుంది."

నేను షెడ్డు ముందుకి వచ్చేసరికి వాళ్ళు నా ముందు నుంచే గేటు దాటారు. ఆ అమ్మాయి నన్ను చూసి తల దించుకుంది. మీ అబ్బాయి వెనక్కి తిరిగి నన్ను చూశారు. నా చేతిలో ఆయన చొక్కా తడిగా ఉంది.

"విన్నావా?"

"నాకు తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మీకు జ్వరం వచ్చినప్పట్నుంచి."

అరుగు మీద కూర్చుండిపోయారు. నేను కొంచెం ఎడంగా కూర్చున్నాను. తెలిసిన రోజునే ఆ కారుని ఎందుకు వదిలించుకోలేదని అడిగాను.

"రోజూ నడుపుతుంటే ఏమీ జరగనట్టే ఉండేది. ఒక్కరోజు మానేస్తే నేనే చేశానని ఒప్పుకున్నట్టు. పైగా నువ్వు అడుగుతావు, ఎందుకు మానేశారని. ఏం చెప్పను?"

"మీట లాగింది నేను" అన్నాను.

"లాగేలా చేసింది నేను."

దీనికి ఇంక చివర లేదనిపించింది. డాక్టరమ్మ అన్న మాట చెప్పాను. అయ్యుండొచ్చు, కాకపోవచ్చు అని. విని తల ఊపారు. ఆ మాట ఆయనకీ ఎందుకూ పనికిరాలేదు.

నేనేమనుకునేదాన్నో తెలుసా అత్తయ్యా? ఎప్పటికైనా ఈ సంగతి బయటపడితే ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తామని, ఆ తర్వాత కాస్త తేలికపడతామని. ఏడవలేదు. ఇన్నాళ్ళూ ఆయన కోసం నేనూ, నా కోసం ఆయనా దాచుకున్నాం. ఒకరికొకరం చేసుకోవడానికి మాకు మిగిలింది ఆ ఒక్క పనే. అదీ అయిపోయింది. ఇప్పుడు ఒకే గదిలో కూర్చుంటున్నాం. గదులు మారడం లేదు. అంతకంటే బాగుపడ్డామని మీకు అబద్ధం రాయలేను. అమ్మ దగ్గరికి వెళ్తే ఆయన ఈ ఇంట్లో ఒక్కరే ఆ కారు పక్కన ఉంటారు. అందుకే వెళ్ళలేదు.

నిన్న తాబేలుని పాత ఇనుం యార్డుకి తీసుకెళ్ళాం. నేనూ ఎక్కాను. అద్దాలు రెండూ దించే ఉన్నాయి, దారంతా చలికి మొహాలు కొయ్యబారిపోయాయి. అది మాత్రం ఎప్పటిలాగే చక్కగా పరిగెత్తింది. యార్డు ఆయన చుట్టూ తిరిగి చూసి, "నడిచే బండిని నలగ్గొట్టమంటున్నారేంటి సార్, ఎవరికైనా ఇచ్చెయ్యొచ్చు కదా" అన్నాడు. ఎవరికీ ఇవ్వొద్దని, మా ఎదురుగానే పని కానిమ్మని మీ అబ్బాయి పట్టుబట్టారు. క్రేను దాన్ని నడుం దగ్గర పట్టుకుని లేపింది. మేం చివరిదాకా నిలబడ్డాం. మీకు చెప్పకుండా చేశాం, క్షమించండి.

తిరిగి బస్సులో వచ్చాం. కిటికీలన్నీ మూసేసి ఉన్నాయి, హీటరు వేశారు. లోపల వెచ్చగా ఉంది. నేను కూర్చున్నాను, ఆయన పక్కనే నిలబడ్డారు. కాసేపటికి నా మీదుగా వంగి కిటికీ తెరిచారు. వెనక సీటు పెద్దాయన, "చలేస్తోందయ్యా, మూసెయ్" అన్నాడు. ఈయన మూయలేదు. పెద్దాయన మళ్ళీ అన్నాడు. ఇంకో ఇద్దరు కూడా గొంతు కలిపారు. మీ అబ్బాయి చెయ్యి కిటికీ మీద బిగుసుకుపోయి ఉంది, వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. నేను లేచి ఆ చెయ్యి విడిపించి, కిటికీ మూసి, బస్సు ఆపమన్నాను.

ఇల్లు ఇంకా చాలా దూరం. మిగతా దారి నడిచి వచ్చాం.

మీరు వచ్చి కొన్నాళ్ళు ఉంటానన్నారు. రండి అత్తయ్యా. మాతో ఏమీ మాట్లాడకపోయినా పర్వాలేదు, వంటింట్లో ఇంకో మనిషి మసలుతుంటే చాలు.

మీ కోడలు