అర మారినా మారని కోడు

చెల్లీ, దేవుడి దయవల్ల గండం గడిచింది, కంగారుపడకు.

మనం కుట్టే సంచులకు, అవి ఉంచిన అర నంబరునే కోడుగా పెట్టానని చెప్పానుగా. గోడలకు సున్నం వేయించి అరలు మార్చి సర్దేసరికి అన్నీ తారుమారయ్యాయి. పెద్ద సంచులు అడిగిన కొట్టాయనకు చిన్నవి వెళ్లాయి. "అక్కగారూ, ఇంకోసారి ఇలాగైతే మీ సరుకు వద్దు" అన్నాడు. ఆ కొట్టు పోతే మన కుట్టుపని మూలపడ్డట్టే. మూడు రోజులు కూర్చుని రకం, సైజు, రంగులను బట్టి కొత్త కోడ్లు వేసి, ప్రతి సంచికీ చీటీ కుట్టాను. నిన్న కొట్టాయన చూసి, "ఇక కళ్లు మూసుకుని తీసుకుంటాను" అని మళ్లీ ఆర్డరిచ్చాడు.

తెల్లదారం రెండుండలు పంపు. నాన్న కళ్లజోడు మార్చారా? పిల్లలకు దీవెనలు. కొత్త కోడ్ల జాబితాలో మొదటి కోడు నువ్వు తొలిసారి కుట్టిన వంకర సంచికే ఇచ్చాను. అది మాత్రం ఎవరికీ అమ్మను.

మీ పెద్దక్క