వంటగదిలో వచ్చిన మార్కులపై అభ్యంతరం

డబ్లిన్,
మంగళవారం.

బదిలీ ప్రవేశాల అధికారి శామ్యూల్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: రెండేళ్ల సోషల్ స్టడీస్ కోర్సు ముగించినవారికి యూనివర్సిటీ రెండో సంవత్సరంలో ఉన్న ఒకే ఒక్క సీటును నా భార్య సత్యవాణికి కేటాయించుట గురించి.

తమరు తెలుగువారని తెలిసి తెలుగులోనే రాసుకుంటున్నాను. వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు నాది.

1. ఈ చదువు నా ఆలోచన. నలభై నాలుగేళ్ల వయసులో కుర్రవాళ్ల మధ్య ఒక్కడినే కూర్చోలేక, తోడుంటుందని ఆమెను కూడా చేర్పించాను. తోడుకు వచ్చిన మనిషి నన్ను దాటి వెళ్లడం ఏ నిబంధన కిందికి వస్తుందో తెలియజేయగలరు.

2. ఆఖరి ప్రాజెక్టు వలస కుటుంబాల స్థితిగతులపై. ఊరి శివార్లలోని క్లాండాల్కిన్, టాలట్‌లలో మనవాళ్ల నాలుగు ఇళ్లకు ఇద్దరం కలిసే వెళ్లాము. ప్రతి ఇంట్లోనూ నన్ను హాల్లో మగవాళ్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆమె అలవాటుగా వంటగదిలోకి వెళ్లింది. నేను ముప్పై రెండు ప్రశ్నలు అడిగితే నలుగురూ ఐరిష్ వాళ్లలాగే "అంతా గ్రాండ్ అండీ" అన్నారు. ఆ తర్వాత హైదరాబాద్‌లో స్థలాల రేట్ల మీదికి మాట మళ్లింది. నేనూ గంటసేపు మాట్లాడాను. ఆమె ఉల్లిపాయలు తరుగుతూ ఒక్క ప్రశ్నా అడగలేదట. ఒక ఇంటాయన నాతో గ్రాండ్ అంటున్న సమయానికే, ఆయన ఉద్యోగం పోయి ఐదు నెలలైందనీ, రోజూ బ్యాగు తగిలించుకుని లువాస్ ట్రామ్ ఎక్కి సాయంత్రం దాకా తిరుగుతున్నాడనీ ఆయన భార్య లోపల చెప్పుకుని ఏడ్చింది. సత్యవాణికి డిస్టింక్షన్ వచ్చింది. నా రిపోర్టు మీద లెక్చరర్ "ఇందులో మీ గొంతే వినిపిస్తోంది" అని రాశారు.

3. వంటగదుల్లోకి నాకు ప్రవేశం లేదు. కావున పోటీ సమానంగా జరగలేదు.

4. నాకు కుళ్లుగా ఉంది. లెక్చరర్ ఆమెను మెచ్చుకున్నప్పుడు అందరితో పాటు చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ దోసెలు బాగున్నాయి. ఆ సంగతి కూడా చెప్పలేదు.

5. ఆమె రిపోర్టులో తప్పులు వెతికి జతపరుద్దామని ఆదివారం మొదటిసారి పూర్తిగా చదివాను. వెళ్లింది నాలుగు ఇళ్లు. ఇంటర్వ్యూలు ఐదు. దొంగ లెక్క దొరికిందని సంబరపడ్డాను. ఐదో మనిషికి పేరు లేదు. వయసు నలభై ఒకటి, మా ఆవిడ వయసే. అక్కడ ఇలా ఉంది: "మా ఆయనకి తోడుగా జాయినయ్యా. నీకూ చదువుకోవాలనుందా అని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు."

రెండేళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చున్నాము. నేనూ అడగలేదు.

పై నాలుగు అంశాలూ ఆదివారానికి ముందు రాసినవి. నిజమే కనుక కొట్టివేయడం లేదు. అయితే, తన సీటు నా కోసం వదులుకుంటున్నట్టు నిన్న తమ ఆఫీసులో కాగితం ఇచ్చి వచ్చానని ఆమె రాత్రి భోజనాల దగ్గర చెప్పింది. పొద్దున్నే లేచి ఐదో అంశం రాశాను. అందుకే ఈ అర్జీ.

ఆ కాగితాన్ని తిరస్కరించి, సీటు ఆమెకే ఉంచవలసిందిగా నా ఏకైక ప్రార్థన. తమరు దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు, సత్యవాణి భర్త,
హేమచంద్

తా.క.: కుళ్లు ఇంకా తగ్గలేదు. అది తగ్గాక మళ్లీ నన్ను పిలిచి అడుగుదామని ఆగవద్దు. గడువు శుక్రవారమే.