దిగుడులో రెండో గేరు

మట్టెవాడ, వరంగల్
ఆదివారం, ఆరాధన నుంచి వచ్చాక

ప్రియమైన హెప్సిబాకు,

ప్రభువు నామంలో ప్రేమతో వందనాలు. ఇక్కడ అమ్మ, మౌనిక, నేను దేవుని దయవల్ల వేళకు తిని, వేళకు పడుకుని బాగానే ఉన్నాం. ఆ కొండల మీద ఆసుపత్రిలో, ఆ చలికి నువ్వు కూడా తట్టుకుని ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తున్నాను. నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. పని ఎక్కువై జవాబు రాయలేకపోయానని చెప్పవచ్చు. కానీ అది నిజం కాదు.

ముందు నువ్వు అడిగినవి. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. పక్కింటి ప్రేమలత తెచ్చిచ్చిన బెల్టు పెట్టుకుంటోంది. నువ్వు పంపిన నూనె వల్లే తగ్గిందని నీకు రాయమంది గానీ సీసా మూత ఇంకా తియ్యలేదు. మౌనికకు లెక్కల్లో ఎనభై రెండు వచ్చాయి. సండే స్కూల్లో వాక్యాలు చూడకుండా చెప్పే పోటీలో రెండో బహుమతి. "మమ్మీకి ఫస్ట్ అని రాయి డాడీ" అంది. రెండోది అనే రాస్తున్నాను. ఈ ఉత్తరంలో ఒక్క అబద్ధం కూడా ఉండకూడదని అనుకుని కూర్చున్నాను.

ఇక గేర్ల సంగతి. "ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి పోవద్దని, రెండో గేరులో ఉంచితే ఇంజనే బండిని ఆపి పట్టుకుంటుందని సుదర్శన్ గారు నేర్పారు. అలా చేస్తే గేరుబాక్సు అరిగిపోతుందని మీరు క్లాసులో అందరికీ చెబుతారు కదా. ఏది నిజం?" అని అడిగావు.

జవాబు చెప్పే ముందు నా మనసు సంగతి చెప్పాలి. నువ్వు జీపు నడపడం నేర్చుకుని లైసెన్సు కూడా తీసుకున్నావని దానికి ముందు ఉత్తరంలోనే రాశావు. మూడు పేజీల ఆ ఉత్తరంలో సుదర్శన్ గారు అన్న మాట తొమ్మిది చోట్ల ఉంది. నేను లెక్కపెట్టాను. నా పేరు కవరు మీద ఒక్కచోట ఉంది. మీ ఆసుపత్రిలో మందులిచ్చే మనిషే జీపు కూడా నడుపుతాడట, పాటలు కూడా పాడతాడట, అక్కడి ఊళ్ళవాళ్ళ భాష కూడా వచ్చట. ఆ 'కూడా'లు ఒక్కొక్కటీ ముళ్ళలా గుచ్చుకున్నాయి.

పద్దెనిమిదేళ్ళుగా ఈ ఊళ్ళో డ్రైవింగ్ నేర్పుతున్నాను. బ్యాంకు ఆఫీసర్లు, మన పాస్టరు గారు, అరవై దాటిన మాస్టర్లు, పెళ్ళై వచ్చిన కొత్త కోడళ్ళు, అందరూ నా పక్కన కూర్చునే క్లచ్ వదలడం నేర్చుకున్నారు. నా భార్య మాత్రం ఎక్కడో కొండల్లో ఇంకొకరి పక్కన కూర్చుని నేర్చుకుంది. కొత్తవాళ్ళకు రెండో గేరు సరిగ్గా పడదు. నేర్పేవాడు వాళ్ళ చెయ్యి మీద తన చెయ్యి వేసి చూపించాలి. నేను రోజూ చేసే పనే అది. ఎన్నడూ దాని గురించి ఏమీ అనుకోలేదు. ఆ వారం మాత్రం ఎవరికైనా గేరు చూపిస్తుంటే నా చెయ్యి నాకే పరాయిదిగా కనిపించింది.

గేర్ల సంగతి అడిగిన నీ ఉత్తరం అందిన రోజే మెకానిక్ వెంకట్రాజం షెడ్డుకు పోయాను. సుదర్శన్ చెప్పింది తప్పని అతనితో అనిపించి రావాలని నా ఆశ. అతను కారు కింద పడుకుని ఉన్నాడు.

"వెంకట్రాజన్నా, దిగుడుల గేరు తగ్గిస్తే గేరుబాక్సు అరుగుతదా?" అని అడిగాను.

"ఎవలన్నరు?"

"ఎవలో అన్నరు తియ్యి."

"అరుగుడేంది స్టీఫెనూ. గేరు పండ్లు ఎక్కుడుల ఒక దిక్కు ఒరుసుకుంటయి, దిగుడుల ఇంకో దిక్కు ఒరుసుకుంటయి. నూనెల మునిగే ఉంటయి గదా, వాటికేం ఫికర్ లేదు. జోరు మీదున్న బండిని దబ్బున ఫస్టుల ఏస్తే దెబ్బ తగుల్తది. క్లచ్చు సగం తొక్కి పట్టుకుంటే ప్లేటు కాల్తది. పద్ధతిగ ఏస్తే ఏం గాదు."

"మరి ఇన్నేండ్ల సంది నాకెన్నడు జెప్పలేదేందన్నా?"

"నువ్వెన్నడు అడిగినవ్?"

ఆ మాట విని కూడా నేను మారలేదు. వెంకట్రాజానికి మైదానం రోడ్లే తప్ప ఘాట్ సంగతి ఏం తెలుసులే అని సరిపెట్టుకున్నాను.

పోయిన శనివారం మరిపెడ నుంచి మొగిలయ్య, ఆయన భార్య చిలుకమ్మ శ్రీశైలం పోదామని వచ్చారు. వాళ్ళ కొడుక్కి డ్రైవింగ్ నేర్పింది నేనే. ఆ నమ్మకంతో నన్నే నా కారు తీసుకుని రమ్మన్నారు. పోయేటప్పుడు ఈగలపెంట దాటాక డ్యామ్ దాకా దిగుడే. ఒక మలుపు తిరిగితే ఇంకో మలుపు. గేరు తగ్గించమని ఇంజను చప్పుడే చెబుతోంది. నీ ఉత్తరంలోని వాక్యం కళ్ళ ముందు ఉంది. అది ఆ మనిషి చెప్పిన మాట అనే ఒక్క కారణంతో నాలుగో గేరులోనే ఉంచి, బ్రేకు మీద కాలు పెట్టి దిగాను.

కొంతసేపటికి వెనక సీట్లోంచి చిలుకమ్మ, "ఏందో మాడిన వాసనొస్తాంది బిడ్డా" అంది.

"ఏం లేదమ్మా, ముంగట పోయిన లారీది" అన్నాను. మా ముందు లారీ ఏదీ పోలేదు.

ఇంకో రెండు మలుపుల తర్వాత బ్రేకు తొక్కితే కాలు మెత్తగా కిందికి పోయింది. బండి ఆగలేదు. మళ్ళీ తొక్కాను. ఇంకా కిందికి పోయింది. ఎదురుగా మలుపు, దాని అంచున మోకాలెత్తు గోడ, గోడ అవతల ఏమీ లేదు. అప్పటిదాకా పత్తి ధర గురించి చెబుతున్న మొగిలయ్య రెండు చేతులా డోరు పట్టుకున్నాడు. నా నోట ప్రార్థన కూడా రాలేదు. చెయ్యి మాత్రం గేరు రాడ్ మీదికి పోయింది. మూడులో వేశాను. ఇంజను అరిచింది. రెండులో వేశాను. ఎవరో వెనక నుంచి గట్టిగా పట్టుకున్నట్టు బండి జోరు తగ్గింది. హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగుతూ మలుపు తిప్పి, రోడ్డు పక్కన వెడల్పున్న చోట ఆపి, చక్రాల కింద రాళ్ళు పెట్టాను. ముందు చక్రాల దగ్గర పొగ వస్తోంది.

గంటకు పైగా అక్కడే కూర్చున్నాం. చిలుకమ్మ సంచిలోంచి అరటిపండు తీసి నా చేతిలో పెట్టింది. "నువ్వు గాబట్టి బండిని పట్టుకున్నవ్ బిడ్డా. ఇంకోడైతే మమ్ముల లోయల ఏసేటోడు" అంది.

ఆ పండు ఒలవకుండానే పక్కన పెట్టాను. ముగ్గురినీ లోయ దాకా తీసుకుపోయింది నేను. ఆపింది సుదర్శన్ నీకు నేర్పిన మాట. బతికి బయటపడ్డ మనిషి మొదట దేవునికి స్తోత్రం చెప్పాలి. నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో తెలుసా? ఇప్పుడు ఈ మనిషి మేలు కూడా మొయ్యాలి గదా అని. హెప్సీ, ఈర్ష్య ఎంత చెడ్డదో నాకు అక్కడ, ఆ రాళ్ళ పక్కన కూర్చున్నప్పుడు తెలిసింది. చక్రాలు చల్లబడ్డాక, బ్రేకు మళ్ళీ గట్టిపడిందని రెండు మూడు సార్లు చూసుకుని, మిగిలిన దిగుడంతా రెండో గేరులోనే మెల్లగా దిగాను. మొగిలయ్యకు తప్పు నాదేనని దారిలోనే చెప్పేశాను. ఆయన, "చెప్పినవ్ గదా, అది చాలు" అన్నాడు.

ఇంటికి వచ్చాక వెంకట్రాజం బండి విప్పాడు. బ్రేకు ప్యాడ్లు కాలిపోయి గాజులా మెరుస్తున్నాయి. గేరుబాక్సుకు మాత్రం ఏమీ కాలేదు. కాబట్టి నీ ప్రశ్నకు జవాబు ఇది: సుదర్శన్ గారు చెప్పిందే నిజం. సోమవారం నుంచి క్లాసుకు వచ్చేవాళ్ళందరికీ అదే చెబుతున్నాను. ఇన్నాళ్ళూ తప్పు చెప్పానని కూడా చెబుతున్నాను.

ఇక్కడితో ఉత్తరం ముగించాలని రెండుసార్లు కలం మూశాను. కానీ నువ్వు చివర అడిగినది ఇంకొకటి మిగిలింది.

ఎవరో మీ ఆసుపత్రి ఆఫీసుకు ఫోను చేసి, హెప్సిబా సిస్టర్‌కు కళ్ళు తిరిగే జబ్బు ఉంది, ఘాట్ రోడ్డు మీద ఆమెకు బండి ఇవ్వకండి అని చెప్పారని, అప్పటి నుంచి జీపు తాళం నీకు ఇవ్వడం లేదని రాశావు. "నా మీద ఎవరికి అంత పగ?" అని అడిగావు.

ఆ ఫోను చేసింది నేనే.

నువ్వు నేర్చుకున్నావన్న ఉత్తరం చదివిన మర్నాడే చేశాను. పేరు చెప్పలేదు, వరంగల్ నుంచి బంధువును అన్నాను. నువ్వు బండి నడపకపోతే సుదర్శన్ పక్కన కూర్చునే పని ఉండదని నా లెక్క. ఇప్పుడు ఏ ఊరికి పోవాలన్నా ఆయనే నడపాలి, నువ్వు పక్కన కూర్చోవాలి అని నువ్వే రాశావు. నిన్ను అక్కడ కూర్చోబెట్టింది నేను. అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి. ఆయన సెలవులో ఉన్న రోజు, తాళం నీ చేతిలో లేక, నెలలు నిండిన ఒకామెను డోలీ కట్టి మోసుకొచ్చారని రాశావు. తల్లీ బిడ్డా క్షేమం అన్న ముక్కను మళ్ళీ మళ్ళీ చదివాను. ఆ వాక్యం ఇంకోలా ఉండి ఉంటే ఏ ముఖంతో బతికేవాణ్ణో తెలియదు.

నువ్వు డ్రైవింగ్ నేర్పమని అడిగినప్పుడల్లా వచ్చే నెల అన్నాను. పన్నెండేళ్ళు అలాగే అన్నాను. డ్యూటీ దిగాక దవాఖాన గేటు దగ్గర నిలబడి నా బండి కోసం చూసేదానివి. దూరం నుంచే ఆ చూపు నాకు కనిపించేది. నీకు బండి నడపడం వస్తే అది ఉండదని భయపడ్డాను. ఇది సమర్థించుకోవడానికి రాయడం లేదు. నీకు తెలియాలని రాస్తున్నాను.

నిన్న మీ సూపరింటెండెంట్ అరుణ గారికి ఫోను చేశాను.

"మేడం, ఆ దినం ఫోన్ చేసింది నేనే, హెప్సిబా భర్తను. ఆమెకు ఏ జబ్బు లేదు" అన్నాను.

"మరి ఎందుకు అలా చెప్పారు?"

"ఈర్ష్య మేడం."

"తాళం సోమవారం ఆమెకు ఇస్తాను. కారణం మాత్రం నేను చెప్పను. అది మీరే రాయండి" అని ఆమె ఫోను పెట్టేశారు. రాశాను.

సుదర్శన్ గారికి నా నమస్కారం చెప్పు. ముగ్గురు ప్రాణాలతో ఉన్నారని, అందులో నేనొకణ్ణని చెప్పు. ఈ మాట రాయడం ఇప్పటికీ కష్టంగానే ఉంది. ఆ మంట పూర్తిగా పోలేదు. నీతో నిజమే చెప్పాలి గనక చెబుతున్నాను.

నీకు వచ్చే కోపం ఎంతైనా కాగితం మీద పెట్టి పంపు. చదువుతాను. మౌనికకు ఈ సంగతి తెలియదు, చెప్పాలో వద్దో నువ్వే రాయి. కింద ఏమని సంతకం పెట్టాలో తోచక చాలాసేపు కూర్చున్నాను. 'నీ' అని మొదలుపెట్టే హక్కు ఉందో లేదో నీ జవాబు వచ్చాకే తెలుస్తుంది.

ఇట్లు,
మౌనిక నాన్న,
స్టీఫెన్