పొడుం డబ్బా దొంగ

ఆషాఢ శుద్ధ విదియ, రాజమండ్రి

ఇందుమూలముగా సమస్త జనులకు తెలియజేయునది ఏమనగా, నా పొడుం డబ్బా ఈ ఉదయం అపహరింపబడినది.

దొంగ మా చెల్లెలి కూతురు నరసమ్మ. పదకొండేళ్లొచ్చినా నాలుగేళ్ల పిల్లంతే ఉండి, నా వేళాకోళాలకు ఏనాడూ నవ్వి ఎరుగదు.

"డబ్బా ఏదే?" అన్నాను.

"కాకెత్తుకుపోయింది మావయ్యా," అని కిసుక్కున నవ్వింది!

మిషను డాక్టరమ్మ మూడు నెలలుగా దానికి గొర్రె మెడలోని గ్రంథిని ఎండబెట్టి, పొడి చేసి ఇస్తోంది. ఆ గ్రంథి రసం కరువైతే ఒంట్లో ఎముకా ఎదగదట, బుద్ధీ వికసించదట. గొర్రె మెడలోని ముక్కకు పిల్ల కాలి ఎముక సంగతీ, బుర్రలోని కొంటెతనం సంగతీ ఎలా తెలుసో!

పోయిన నెల చెల్లెలు, "ఏం గుణం లేదన్నయ్యా, మందు మాన్పించేస్తాను," అంది. గుమ్మానికి బొగ్గుతో గీసిన ఉగాదినాటి ఎత్తు చూపించి, "కళ్ళు లేవుటే? రెండంగుళాలు పెరిగింది," అని గదమాయించాను. నమ్మింది, మందు ఆపలేదు.

ఆ ఉగాదినాటి గీత, చెల్లెలికి చూపించిన ముందురోజు, పిల్ల ఎత్తుకు రెండంగుళాలు కిందగా నేను గీసిందే.