శుక్రవారం తిన్న ఇడ్లీలు

సంఘ పెద్ద చిన్నప్ప అన్నగారికి, ఎన్నూరు నుంచి మీ తమ్ముడు ప్రభువు పేరట వందనాలు చెప్పి రాసేది.

ఉపవాస ప్రార్థన నడిపించాల్సిన శుక్రవారం నేను ఆస్పత్రి క్యాంటీన్‌లో ఇడ్లీలు తిన్నానని, తప్పు ఒప్పుకొనేదాకా వాక్యం చెప్పకూడదని రాశారు. తిన్నాను. నాలుగు తిన్నాను, సాంబారు పోయించుకుని మరీ తిన్నాను.

చేపలమ్మే మునియక్క కూతురు శరణ్యకు కాన్పులో రక్తం పోయి ప్రాణం మీదికొచ్చింది. రక్తమిస్తానని నేను చెయ్యి చాపితే నర్సమ్మ, "ఖాళీ కడుపుతో వస్తే ఈడ రక్తం తీసుకోరు అయ్యగారూ, పొయ్యి తినేసి రాండి" అనింది.

"ఈరోజు ఉపవాసం తల్లీ."

"అది ముగిసేదాకా ఆ పిల్ల కాచుకోనుంటాదా?"

ఆకలేస్తే దావీదు యాజకులు తప్ప ఎవరూ తినకూడని రొట్టెలే తిన్నాడు. దేవుడు కోరిన ఉపవాసం కష్టంలో ఉన్నవాళ్ళను ఆదుకోవడమేనని యెషయా యాభై ఎనిమిదిలో ఉంది. నేను బైబిలు కాలేజీ మెట్లెక్కలేదు గానీ, నా బైబిల్లో ఆ పేజీ నలిగి చిరిగింది.

శరణ్య బతికింది. ఆదివారం వాక్యం చెబుతాను. మీరు తలుపేస్తే వీధిలో చెబుతాను.

మూడు నెలలదాకా నా రక్తం మళ్ళీ తీసుకోరట. మీదీ నా గ్రూపే. కడుపులో గ్యాసని మీరెన్నడూ ఉపవాసం ఉండరు గనక, ఈసారి అవసరమైతే పిలవమని మీ పేరూ ఫోన్ నంబరూ రాయించి వచ్చాను.